కల్నల్ సి. కె. నాయుడు: ఆట మీద అలగని ఆటగాడు

ఈ వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వమని విద్యార్థి సంఘం పిల్లలు ఇంటికొచ్చి అడిగినప్పుడు, పాఠాలు చెప్పి రిటైరయిన మనిషిని కదా, విద్యావిధానం మీద నాలుగు మాటలు వ్రాసి పంపిస్తే సరిపోతుందనుకున్నాను. కాగితం ముందర పెట్టుకుని కూర్చుంటే మాత్రం కలం అటు నడువలేదు. కొన్నేళ్ళుగా మనసులో నలుగుతున్న ఒక ఆటగాడి ముచ్చటే ముందుకొచ్చి నిలబడ్డది. పాఠకులు క్షమించాలి, ఇది పాఠం కాదు.

2022 నవంబరులో ఒకనాటి సాయంత్రం కరీంనగర్‌లో మైదానం పక్కన చాయ్ తాగుతున్నాను. పక్క బెంచీ మీద ఆరేడుగురు పోరగాళ్ళు పెద్ద లొల్లి పెట్టుకున్నారు. సంగతేమిటంటే, పోర్చుగల్ దేశపు ఫుట్‌బాల్ వీరుడు క్రిస్టియానో రొనాల్డో తన జట్టు మాంచెస్టర్ యునైటెడ్‌ను వదిలిపెట్టాడు. అప్పటికి ఆయనకు 37 ఏళ్ళు. మేనేజరు తనను ఆడనివ్వకుండా పక్కన కూర్చోబెడుతున్నాడని, క్లబ్బు తనకు ద్రోహం చేసిందని టెలివిజన్లో బాహాటంగా చెప్పాడు. నవంబరు 22న ఉభయులూ తెగతెంపులు చేసుకున్నారు. అన్ని గోల్స్ కొట్టిన మనిషిని బెంచీ మీద కూర్చోబెట్టడం అవమానం కాదా అని కొందరి వాదం. ఎంత మొనగాడైనా జట్టు కంటే పెద్దవాడు కాదు, ఇంటి గుట్టు బజార్న పెట్టడం ఏం మర్యాద అని మిగిలినవాళ్ళ వాదం. చివరికి ఒక పిల్లవాడు నన్ను గుర్తుపట్టి తీర్పు చెప్పమన్నాడు. నేను చాయ్ చల్లారిపోతున్నదన్న నెపంతో తప్పించుకున్నాను.

తప్పించుకున్నానే గానీ, ఇంటికి నడుస్తుంటే ఆ లొల్లి నా వెంటనే వచ్చింది. ఎందుకంటే అచ్చం అటువంటి వాదనే నా చిన్నతనంలో బెల్లంపల్లిలో, మా క్వార్టర్ల ముందర వేపచెట్టు కింద విన్నాను. ఆట వేరు, మనిషి వేరు, కాలం వేరు. కానీ ప్రశ్న అదే. మా బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఆయనతో కలిసి దిగే కార్మికుల్లో నాగపూరు వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. షిఫ్టు దిగి వచ్చి స్నానాలు చేసిన తర్వాత ఆయన నాయుడు కథ ఎత్తుకునేవాడు. మా బాపు నాయుడి పక్షం. ఇంకొకాయన ఎప్పుడూ ఎదురుపక్షం. పొద్దుగూకేదాకా తెగేది కాదు.

నాగపూరు మనకు పరాయి ఊరు కాదు. ఆదిలాబాద్ వాళ్ళకు హైదరాబాదు కంటే నాగపూరే దగ్గర. 1929లో కాజీపేట - బల్హర్షా రైలుమార్గం పూర్తయిన తర్వాత పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ ఊళ్ళన్నిటికీ ఉత్తరాది దారి నాగపూరు మీదుగానే. పెద్ద రోగమొస్తే నాగపూరే, సంత్రాలు కావాలన్నా నాగపూరే. ఆ ఊళ్ళోనే 1895 అక్టోబరు 31న ఒక తెలుగు కుటుంబంలో కొఠారి కనకయ్య నాయుడు జన్మించాడు. లోకానికి సి. కె. నాయుడు. తాత నారాయణస్వామి నాయుడు నాగపూరులో పేరున్న వకీలు, భూస్వామి. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు కేంబ్రిడ్జిలో చదువుకుని వచ్చి న్యాయవాది అయ్యాడు, హోల్కర్ సంస్థానంలో కొంతకాలం న్యాయమూర్తిగా కూడా ఉన్నాడు. తెలుగు మూలాలు, మరాఠీ ఇరుగుపొరుగు, ఇంగ్లీషు చదువు - ఈ మూడింటి మధ్య పెరిగిన పిల్లవాడు. హిస్లాప్ స్కూలు మైదానంలో ఆట నేర్చుకున్నాడు.

ఆ రోజుల్లో మనవాళ్ళ క్రికెట్టంటే మతాలవారీ పోటీలే. బొంబాయిలో హిందువులు, పార్సీలు, ముస్లింలు, యూరోపియన్లు జట్లుగా తలపడేవారు. 1916లో నాయుడు హిందువుల జట్టు తరఫున యూరోపియన్ల మీద మొదటిసారి దిగాడు. అప్పటికింకా కుర్రవాడు, బ్యాటింగ్ వరుసలో ఎక్కడో చివరన. జట్టు కుప్పకూలుతున్నది. మొదటి మూడు బంతులు జాగ్రత్తగా ఆపి, నాలుగో బంతిని సిక్సరు కొట్టాడు. పెద్ద పోటీల్లో ఆయన చేసిన మొదటి పరుగులు ఆ ఆరు. ఆ తర్వాత నలభై ఏండ్లకు పైగా సాగిన ఆట అంతా ఆ నాలుగో బంతిలోనే ఉందని మా బాపు నమ్మకం.

1923లో ఇండోరు హోల్కర్ మహారాజు పిలుపు మీద నాయుడు అక్కడికి వెళ్ళి సంస్థానపు సైన్యంలో అధికారి అయ్యాడు. కల్నల్ బిరుదు ఆ కొలువు నుంచి వచ్చిందే. ఆరడుగులు దాటిన మనిషి. నిటారు నడక, మితభాషి. మైదానంలోకి నడిచి వస్తుంటేనే జనం లేచి నిలబడేవారట.

ఆయన పేరు దేశమంతటా మారుమోగింది మాత్రం 1926 డిసెంబరులో. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఇంగ్లండు నుంచి ఎం.సి.సి. జట్టు వచ్చింది. బొంబాయి జింఖానా మైదానంలో హిందువుల జట్టుతో పోటీ. ముందు ఇంగ్లీషు ఆటగాడు గై ఎర్ల్ ఎనిమిది సిక్సర్లు బాది 130 పరుగులు చేశాడు. దొరల ఆట దొరలే ఆడాలని అనుకునే రోజులవి. మరునాడు నాయుడు దిగి రెండు గంటలు కూడా పట్టకుండా 153 పరుగులు చేశాడు. అందులో పదకొండు సిక్సర్లు, పదమూడు ఫోర్లు. ఆ వార్త వీధివీధినా పాకి, ఆఫీసులు వదిలి, దుకాణాలు మూసి జనం మైదానానికి పరుగెత్తారని, చెట్లూ మేడలూ నిండిపోయాయని చెప్తారు. ఎం.సి.సి. వారు ఆయనకు వెండి బ్యాటు బహూకరించారు. భారతీయులను టెస్టులు ఆడనివ్వవచ్చునన్న నమ్మకం దొరలకు కలిగించిన సంఘటనల్లో ఇది ముఖ్యమైనది. 1928లో మన క్రికెట్ బోర్డు ఏర్పడింది.

ఇక్కడిదాకా అంతా పూలబాటే. అసలు చిక్కు బోర్డుతోనే మొదలైంది. జట్టును విదేశాలకు పంపాలంటే డబ్బు కావాలి. డబ్బు రాజుల దగ్గర ఉంది. డబ్బిచ్చినవాడు నాయకత్వం అడుగుతాడు. ఈ మూడు మాటలు అర్థమైతే, తర్వాత జరిగినదంతా అర్థమైనట్టే.

1932లో ఇంగ్లండు వెళ్ళిన జట్టుకు పోరుబందరు మహారాజు కెప్టెన్, లింబ్డీ రాకుమారుడు ఉపకెప్టెన్. కానీ పోరుబందరు మహారాజు మర్యాదస్తుడు. తన ఆట ఎంతో తనకు తెలుసు. కొద్ది ఆటల తర్వాత తానే పక్కకు తప్పుకున్నాడు. లింబ్డీ రాకుమారుడు కూడా గాయం వల్ల ఆడలేదు. 1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారతదేశపు మొట్టమొదటి టెస్టుకు నాయుడు కెప్టెనయ్యాడు. ఒక తెలుగువాడు, రాజు కానివాడు! మహమ్మద్ నిస్సార్ బంతులకు ఇంగ్లండు ఓపెనర్లిద్దరూ బౌల్డయ్యారు, మూడో వికెట్టు రనౌట్‌గా పడింది, 19 పరుగులకే ముగ్గురు. ఆ ఉదయం దొరలు నోళ్ళు తెరిచి చూశారు. ఫీల్డింగులో చేతికి దెబ్బ తగిలినా నాయుడు మొదటి ఇన్నింగ్సులో 40 పరుగులు చేశాడు, మన జట్టులో అదే ఎక్కువ. 158 పరుగుల తేడాతో ఓడినా గౌరవంగా ఓడారు. ఆ పర్యటనలో నాయుడు మొత్తం 1618 పరుగులు, 65 వికెట్లు సాధించాడు. విజ్డెన్ వారు 1933లో ఏటి మేటి ఆటగాళ్ళ అయిదుగురిలో ఆయనను ఒకడిగా ఎంచారు.

కానీ ఇదే పర్యటనలో ఇంకొక సంగతీ ఉంది. దాన్ని మా బాపు ఎప్పుడూ చెప్పేవాడు కాదు, ఎదురుపక్షం పెద్దమనిషి చెప్పేవాడు. టెస్టుకు ముందు రాత్రి జట్టులోని కొందరు ఆటగాళ్ళు తెల్లవారుజామున పోరుబందరు మహారాజును నిద్రలేపి, నాయుడి కింద ఆడలేమని మొరపెట్టుకున్నారట. పెద్దలు గట్టిగా చెప్పిన తర్వాత గానీ దిగలేదట. ఎందుకంటే నాయుడు కఠినుడు. సైన్యం క్రమశిక్షణ మైదానానికి తెచ్చాడు. ఒంట్లో బద్ధకం కనిపిస్తే సహించడు. నవ్వడు, భుజం తట్టడు. నిజం చెప్పుకోవాలంటే ఆయన కింద ఆడటం సుఖమైన పని కాదు. అభిమానులం ఇటువంటివి దాచిపెట్టుకుంటాం. దాచితే వాదన గెలవవచ్చు, మనిషి మాత్రం దొరకడు.

1933-34లో జార్డిన్ జట్టు మన దేశం వచ్చినప్పుడు మూడు టెస్టులకూ నాయుడే కెప్టెన్. బొంబాయి టెస్టులో లాలా అమర్‌నాథ్ 118 పరుగులతో మన దేశపు మొదటి టెస్టు శతకం చేసినప్పుడు ఎదురుగా నిలబడి 67 పరుగులు చేసినవాడు నాయుడు. ఇద్దరూ కలిసి 186 పరుగులు జోడించారు. రెండు టెస్టులు ఓడి, ఒకటి డ్రా అయింది.

ఇక 1936. మళ్ళీ ఇంగ్లండు పర్యటన. ఈసారి కెప్టెన్సీకి ముందుకొచ్చినవాడు కూడా తెలుగు గడ్డవాడే కావడం విధి విచిత్రం. విజయనగరం మహరాజ్‌కుమార్ విజయానంద గజపతిరాజు. అందరూ విజ్జీ అంటారు. కాశీలో నివాసం. క్రికెట్టంటే ప్రాణం, అందులో సందేహం లేదు. 1930-31లో హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి ఇంగ్లీషు మహామహులను తన ఖర్చుతో రప్పించి తన జట్టులో ఆడించిన మనిషి. బోర్డు పెద్దలతో, ప్రభుత్వంలోని దొరలతో చనువు. లేనిదల్లా ఒక్కటే, టెస్టు ఆడగల ఆట. బోర్డు ఓట్లు వేసి విజ్జీని కెప్టెన్ చేసింది. నాలుగేళ్ళ కిందట లార్డ్స్‌లో నాయకుడైన నాయుడు నలభయ్యేళ్ళ వయసులో ఆయన కింద మామూలు ఆటగాడిగా ఓడ ఎక్కాడు.

ఆ పర్యటన కథ చదివితే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. జట్టు రెండు ముక్కలయింది. కెప్టెన్‌కు దగ్గరివాళ్ళు ఒకవైపు, నాయుడిని గౌరవించేవాళ్ళు ఒకవైపు. మొదటి టెస్టు కంటే ముందే లార్డ్స్‌లో జరిగిన ఒక ఆటలో అమర్‌నాథ్‌ను ప్యాడ్లు కట్టించి కూర్చోబెట్టి, ఆయన వంతును వెనక్కి వెనక్కి జరిపారు. ఆయన కోపంతో డ్రెస్సింగ్ రూములో ప్యాడ్లు విసిరి ఏదో అన్నాడు. మేనేజరు, కెప్టెన్ కలిసి ఆయనను ఓడ ఎక్కించి ఇంటికి పంపించేశారు. పర్యటనలో అందరికంటే బాగా ఆడుతున్న ఆటగాడి గతి అది! నాయుడిని పలహారం బల్ల దగ్గర అవమానించినందుకు బహుమానంగా ఒక ఆటగాడికి టెస్టులో చోటు దొరికిందని కూడా చెప్పుకుంటారు.

జట్టు చేతకానిదేమీ కాదు. లార్డ్స్ టెస్టులో అమర్‌సింగ్ ఆరు వికెట్లు తీసి ఇంగ్లండును 134 పరుగులకే కూల్చాడు. మాంచెస్టరులో విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ మొదటి వికెట్టుకు 203 పరుగులు చేశారు. ఉన్నదంతా ఉంది, కలిసి ఉండటం తప్ప. ఆ వేసవిలోనే విజ్జీకి సర్ బిరుదు వచ్చింది. మూడు టెస్టుల్లో ఆరు ఇన్నింగ్సులు ఆడి ఆయన చేసినవి 33 పరుగులు.

చివరి టెస్టు ఆగస్టు నడుమ ఓవల్ మైదానంలో. హామండ్ 217 పరుగులు చేసి మనవాళ్ళ మీద కొండ మోపాడు. రెండో ఇన్నింగ్సులో ఓటమి ఎదురుగా నిలబడి ఉంది. నాయుడు బ్యాటింగుకు దిగాడు. ఎలెన్ విసిరిన వేగమైన బంతి ఒంటికి తగిలింది. పక్కకు వెళ్ళలేదు. 81 పరుగులు చేశాడు. టెస్టుల్లో ఆయన చేసిన అత్యధిక స్కోరు అదే. అదే ఆఖరి టెస్టు కూడా. అటుపైన భారత జట్టు టెస్టు ఆడింది పదేళ్ళకు, 1946లో. యుద్ధం మధ్య కాలాన్ని మింగేసింది. లెక్కల్లో నాయుడికి మిగిలినవి ఏడు టెస్టులు, 350 పరుగులు, తొమ్మిది వికెట్లు. అంతటి మనిషికి ఇంతేనా అనిపిస్తుంది. సన్మానాలు లేవు, వీడ్కోలు సభలు లేవు.

వేపచెట్టు కింద వాదన మొదలయ్యేది ఇక్కడే. మా బాపు పక్షం వారు అనేదేమిటంటే, నాయుడికి జరిగింది పచ్చి అన్యాయం, ధనం ముందు ప్రతిభ ఓడిపోయింది. ఎదురుపక్షం వారు అనేదేమిటంటే, నాయుడికి నలభై దాటింది, 1932లోనే జట్టు ఆయన మీద తిరగబడింది, నాయకుడన్నవాడికి నలుగురిని కలుపుకుపోయే గుణం ఉండాలి, పైగా రాజుల డబ్బే లేకపోతే మనవాళ్ళు ఓడ ఎక్కేదెట్లా? చిన్నప్పుడు నాకు బాపు మాటే వేదం. పెద్దయ్యాక ఎదురుపక్షం మాటల్లోనూ పస కనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే ఒకటి తోస్తున్నది. నాయుడు కఠినుడన్నది నిజమే. అయితే కఠినుడి బదులు ఆట వచ్చిన మెత్తనివాడిని పెట్టాలి గానీ, ఆట రానివాడిని పెట్టరు గదా! పోరుబందరు మహారాజుది కూడా రాజవంశమే, ఆయన తప్పుకోలేదా? కాబట్టి గొడవ రాజరికంతో కాదు, తన కొలత తనకు తెలియకపోవడంతో. తర్వాత 1937లో బొంబాయి ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బోమాంట్ అధ్యక్షతన వేసిన విచారణ సంఘం కూడా విజ్జీ నాయకత్వాన్ని తప్పుపట్టి, అమర్‌నాథ్‌ను నిర్దోషిగా తేల్చింది. విజ్జీ మళ్ళీ టెస్టు ఆడలేదు.

ఇక్కడితో ఆగిపోతే ఇది ఏడుపుకథ అవుతుంది. మన దిక్కు ఒక సామెత ఉంది, చెరువు మీద అలిగి ముఖం కడుక్కోనివాడి సంగతి. బోర్డు మీద నాయుడికి ఎంత కోపమున్నా ఆట మీద అలగలేదు. ఇండోరుకు వచ్చి హోల్కర్ జట్టును చేతుల్లోకి తీసుకున్నాడు. ముస్తాక్ అలీ, తన తమ్ముడు సి. ఎస్. నాయుడు వంటివారితో దాన్ని దేశంలోకెల్లా గట్టి జట్టుగా తీర్చిదిద్దాడు. హోల్కర్ జట్టు 1945-46, 1947-48, 1950-51, 1952-53 సంవత్సరాల్లో నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలుచుకుంది. మొదటి గెలుపులో బరోడాతో జరిగిన ఫైనల్లో కెప్టెన్ నాయుడు 200 పరుగులు చేశాడు. వయసు 50. యాభయ్యేళ్ళకు మనం మెట్లెక్కితే ఆయాసపడుతున్నాం! తర్వాత ఒక ఫైనల్లో ఫడ్కర్ బంతి మూతికి తగిలి పళ్ళు ఊడితే, వాటిని పక్కకు నెట్టి, నెమ్మదిగా వెయ్యవద్దని బౌలరుకే చెప్పి ఆట సాగించాడట. అప్పటికి ఆయనకు యాభై ఆరేళ్ళు.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాదే ఆంధ్ర జట్టు కూడా రంజీలో మొదటిసారి అడుగుపెట్టింది. ఆ 1953-54 సీజనులో ఆ పసిజట్టుకు కెప్టెన్ ఎవరనుకున్నారు? యాభై ఎనిమిదేళ్ళ నాయుడే. నాగపూరులో పుట్టి, ఇండోరులో బ్రతికిన మనిషి, తెలుగువారి జట్టు నడక నేర్చుకునేటప్పుడు చెయ్యి పట్టుకున్నాడు.

ఇంకొక మలుపు ఉంది. వేపచెట్టు వాదనలో రెండు పక్షాలవారూ ఎత్తని మాట ఇది. నేను కూడా చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. 1956-57లో ఉత్తరప్రదేశ్ జట్టుకు నాయుడు కెప్టెనుగా ఆడాడు. అరవయ్యొక్కేళ్ళు. రాజస్థాన్ మీద 84 పరుగులు చేశాడు, ఎదుట వినూ మన్కడ్ వంటి బౌలరు. ఆయనను పిలిచి ఆ కెప్టెన్సీ ఇచ్చిన పెద్దమనిషి ఎవరో తెలుసా? అప్పట్లో ఉత్తరప్రదేశ్ క్రికెట్‌ను నడిపిస్తున్న, దేశపు బోర్డుకు కూడా అధ్యక్షుడుగా పనిచేసిన విజ్జీ! ఇరవై ఏళ్ళ కిందట ఎవరికోసం ఎవరు పక్కకు జరగవలసి వచ్చిందో, వారినే వీరు పిలిచారు. పిలిచినవాడికి కొంత సిగ్గు ఉండి ఉంటుంది. వెళ్ళినవాడికి కొంత పెద్దమనసు ఉండి ఉంటుంది. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో మనకెందుకు? వాళ్ళు కలిసి పనిచేసిన తర్వాత కూడా, ఆ కొట్లాటను పదేళ్ళపాటు మా క్వార్టర్ల ముందర మేము భద్రంగా కాపాడుకుంటూ వచ్చాం. అభిమానుల గుణమే అంత. ఆటగాళ్ళు మరిచిపోయిన పగను మనం మోస్తాం.

1956లోనే ప్రభుత్వం నాయుడికి పద్మభూషణ్ ఇచ్చింది. 1963-64లో ఒక నిధి కోసం జరిగిన ఆటలో ఆఖరిసారి మైదానంలోకి దిగాడు. అరవై ఎనిమిదేళ్ళు. ఆ ఆట జరిగింది ఎక్కడో కాదు, పుట్టిన ఊరు నాగపూరులోనే. మొత్తం మీద 207 పెద్ద ఆటలు, 11,825 పరుగులు, 26 శతకాలు, 411 వికెట్లు. 1965 డిసెంబరులో కాశీలో విజ్జీ కన్నుమూశాడు. 1967 నవంబరు 14న ఇండోరులో నాయుడు కన్నుమూశాడు. మరునాడు పేపరు చూసి మా బాపు ఆ పూట అన్నం ముట్టలేదు. ఎదురుపక్షం పెద్దమనిషి కూడా వచ్చి మా గడపలో చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. నాకప్పుడు పదేళ్ళు. వాళ్ళిద్దరూ ఇన్నాళ్ళూ ఒకే మనిషిని ప్రేమిస్తూ కొట్లాడుకున్నారని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు ఆయన పేరు మీద కుర్రవాళ్ళ ట్రోఫీ ఉన్నది. జీవిత సాఫల్యానికి బోర్డు ఇచ్చే పెద్ద పురస్కారం 1994 నుంచి ఆయన పేరు మీదే ఉంది.

ఇక ఇంతసేపు దాచుకున్న మాట చెప్పి ముగిస్తాను. చాయ్ హోటల్లో ఆ పిల్లలకు నేను తీర్పు ఎందుకు చెప్పలేదో చెప్పాలి.

నేను డిగ్రీ చదివే రోజుల్లో మా కాలేజీలో క్రీడల కమిటీలో విద్యార్థుల తరఫున సభ్యుణ్ణి. మా ఫుట్‌బాల్ జట్టుకు బొగ్గుబాయిల నుంచి వచ్చిన ఒక కార్మికుడి కొడుకు కెప్టెన్. బూట్లు లేకుండా నేర్చుకున్న ఆట. మాట కరుకు, ప్రాక్టీసుకు ఆలస్యమైతే ఎంతటివాణ్ణయినా నిలబెట్టి కడిగేసేవాడు. ఆ ఏడు ఒక ధనవంతుడు జట్టుకంతటికీ జెర్సీలు, బూట్లు కొనిస్తానన్నాడు. ఆయన కొడుకు కూడా జట్టులో ఉన్నాడు. మిగతాది మీరే ఊహించుకోగలరు. కమిటీలో అయిదుగురం. ఇద్దరు ఇటు, ఇద్దరు అటు. అయిదో చెయ్యి నాది. జట్టు మంచి కోసమేనని, బూట్లు అందరికీ వస్తాయని, ఆ కెప్టెన్ కరుకుతనం ఎవరికీ నచ్చటం లేదని నాకు నేనే చెప్పుకుని చెయ్యెత్తాను. అతను ఒక్క మాట మాట్లాడలేదు. తన పాత జెర్సీ మడతపెట్టి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ మైదానానికి రాలేదు.

బాపు పక్షాన కూర్చుని పెరిగినవాణ్ణి నేను. 1936 కథ నోటికి వచ్చినవాణ్ణి. ఆ రోజు చెయ్యెత్తుతున్నప్పుడు ఆ కథ ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. చాలా ఏళ్ళ తర్వాత మందమర్రి వైపు పని మీద వెళ్ళి అతని ఇంటికి పోయాను. బాయిలో పనిచేస్తున్నాడు. ఆదరంగా కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు. వానలు, పిల్లల చదువులు, అన్నీ మాట్లాడుకున్నాం. ఫుట్‌బాల్ మాట మాత్రం అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ముగ్గురు మగపిల్లలున్న ఆ ఇంట్లో ఒక్క బంతి కూడా కనపడలేదు. క్షమించమని అడుగుదామని పోయినవాణ్ణి అడగకుండానే బస్సెక్కాను.

నాయుడి జీవితం చెప్పేటప్పుడు అందరం ఆయన పట్టుదలనే మెచ్చుకుంటాం. మెచ్చుకోవలసిందే. కానీ ఆయనకు ఇండోరు ఉంది, మహారాజు ఉన్నాడు, హోల్కర్ జట్టు ఉంది. ఒక తలుపు మూస్తే ఇంకొక తలుపు తీసి ఉంది. మా కెప్టెనుకు ఉన్నది ఒక్కటే జట్టు. నాయుడు నిలబడ్డాడు కదా, నువ్వెందుకు నిలబడలేదని అతన్ని అడిగే హక్కు ఎవరికైనా ఉందేమో గానీ, నాకు లేదు. అన్యాయానికి గురైనవాడు గొప్పవాడైతే, ఆ గొప్పతనం వెనకాల అన్యాయం చేసిన చేతులు దాక్కుంటాయి. విజ్జీ ఇరవై ఏళ్ళకైనా పిలిచాడు. నేను పిలువలేదు.

కాబట్టి విద్యార్థి మిత్రులారా, రొనాల్డో ఒప్పా, మేనేజరు ఒప్పా అని మీరు తప్పకుండా వాదించుకోండి. అదొక ఆనందం, దాన్ని కాదనను. మీలో ఆటగాళ్ళయినవారు నాయుడిని తలుచుకుని, ఎవరి మీద అలిగినా ఆట మీద మాత్రం అలగకండి. మీలో కొందరు రేపు ఏదో ఒక కమిటీలో కూర్చుంటారు. యూనియన్ కమిటీయో, సెలక్షన్ కమిటీయో, ఆఫీసులో ప్రమోషన్ల కమిటీయో. అక్కడ చెయ్యెత్తే ముందు, బల్ల మీద మడతపెట్టిన ఒక పాత జెర్సీని జర గుర్తు తెచ్చుకోండి. అది చాలు.